మామ్మగారి తాత ఊరు

డర్బన్, దక్షిణాఫ్రికా

నాన్నగారికి, అమ్మకు నమస్కారాలు.

నేను క్షేమం. పని మామూలే, చెప్పడానికేం లేదు. మేడమీద రేకుల డబ్బు పదో తారీఖులోగా పంపుతాను, మేస్త్రిని అంతవరకు ఆగమనండి. అమ్మా, మోకాలికి ఆ ఆకుకట్లు చాలు, ఇక డాక్టరుకి చూపించుకో.

స్పియాన్‌కోప్ వెళ్లానంటే "సెలవు దొరికితే శ్మశానాలకా?" అన్నారు నాన్నగారు. ఒక్కణ్ణే వెళ్లలేదండీ. పక్కింటి నాయుడు మామ్మగారి మనవడు కారు నడిపాడు. చీకటిపడేలోగా వచ్చేశాం.

లేడీస్మిత్‌కి అవతల కొండ అది. 1900 జనవరిలో, ఇక్కడ స్థిరపడ్డ డచ్చి సంతతి బోయర్లతో యుద్ధంలో, ఇంగ్లీషువాళ్లు రాత్రిపూట పొగమంచులో ఎక్కి, అదే శిఖరం అనుకుని కందకం తవ్వుకున్నారట. తెల్లారాక పొగమంచు విడితే బోయర్ల తుపాకులకు ఎదురుగా తేలారు. ఏ కందకంలో పోరాడారో, చనిపోయినవాళ్లను అందులోనే పూడ్చారు. పొడుగ్గా, తెల్లరాళ్లు పేర్చిన గోరీ. గాలి ఒకటే హోరు. నాకు మాత్రం మోసినవాళ్లే గుర్తొచ్చారు. గాంధీగారు కూడగట్టిన స్ట్రెచర్ల దళంలో సుమారు 1,100 మంది, అందులో 800 మంది గిరిమిట్ కూలీలు, అంటే ఇన్నేళ్లు పనిచేస్తామని ఒప్పందం రాసి మన దేశం నుంచి వచ్చినవాళ్లు. గాయపడ్డవాళ్లను భుజాలమీద మైళ్లకు మైళ్లు మోశారు. మామ్మగారి తాత వాళ్లలో ఒకడని వీళ్లింట్లో చెప్పుకుంటారు.

"చివరికి ఎవరికేం ఒరిగింది?" అంటారు కదా మీరు పేపరు మడుస్తూ. అక్కడికే వస్తున్నా. 1900 అక్టోబరులో యుద్ధం ఊపు మీదే ఎన్నికలు పెట్టి లండన్‌లో అధికారంలో ఉన్న టోరీ పార్టీవాళ్లు గెలిచారు. యుద్ధం మాత్రం ముగియలేదు. ఇంగ్లీషు సేనాని కిచెనర్ బోయర్ల పొలాలూ ఇళ్లూ తగలబెట్టించి ఆడవాళ్లనీ పిల్లల్నీ శిబిరాల్లో పెట్టాడు. 26,000 మందికి పైగా పోయారు. ఎమిలీ హాబ్‌హౌస్ అనే ఇంగ్లీషావిడ కళ్లారా చూసొచ్చి చెప్పేసరికి, ప్రతిపక్ష లిబరల్ నాయకుడు క్యాంప్‌బెల్-బానర్‌మన్ ఇది యుద్ధం కాదు, ఆటవికం అన్నాడు. నల్లవాళ్ల శిబిరాలు వేరు. అక్కడ తక్కువలో తక్కువ 14,000 మంది పోయినా, వాళ్లకోసం అంత గోల లేదు. 1902లో యుద్ధం ముగించిన సంధిలో నల్లవాళ్ల ఓటు సంగతి స్వపరిపాలన వచ్చాక చూద్దామని రాసుకున్నారు. చూడలేదు.

1906లో లిబరల్స్ ఘనంగా గెలిచారు. అక్కడే నాకు ఒళ్లు మండింది. ఆ ఏడాది, యుద్ధంలో ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చిన బోయర్ల రాజ్యం ట్రాన్స్‌వాల్‌లో, మనవాళ్లు వేలిముద్రలు వేసి పేరు నమోదు చేసుకోవాలని చట్టం తెస్తే లండన్ ఒప్పుకోలేదు. మరుసటేడు ట్రాన్స్‌వాల్‌కి స్వపరిపాలన ఇచ్చాక, కొత్త శాసనసభ అదే చట్టం మళ్లీ చేస్తే సరేనంది! ఆ కొండమీద ఇంగ్లీషువాళ్లను ఓడించిన బోయర్ సేనాని లూయీ బోతా 1910లో దక్షిణాఫ్రికా యూనియన్‌కి తొలి ప్రధాని అయ్యాడు. గడువు తీరిన కూలీల మీద నాటాల్ (మా డర్బన్ ఉన్న రాష్ట్రం) వేసిన 3 పౌన్ల పన్ను మాత్రం 1914 దాకా పోలేదు.

అమ్మా, ఇక్కడ నాకేం భయం లేదు, టీవీలో చూసినవన్నీ నా వీధిలో జరగవు. రాత్రి తలుపులు వేసుకునే పడుకుంటున్నాను. శనివారం మామ్మగారు పులిహోర పంపుతుంది, చింతపండు కాస్త ఎక్కువే. తెలుగులో రాముడి భజనలు పాడుతుంది, అర్థం నన్నడుగుతుంది. గోంగూర పచ్చడి ఎవరైనా వస్తుంటే పంపు.

ఒక పని ఉంది నాన్నగారూ. మామ్మగారి దగ్గర తాత ఓడ కాగితం నకలుంది. నంబరు, తండ్రి పేరు, జిల్లా విజగపటం. ఊరు మాత్రం ఇంగ్లీషు గొలుసుకట్టులో బొడ్డవలసో బుడ్డివలసో తెలియడం లేదు. బొబ్బిలి వైపు ఎవరినైనా కనుక్కుంటారా? రోజూ అడుగుతోంది.

మీ చిన్నోడు