క్యాసెట్ ముందు ఫోన్ పెడితే చాలదు

సంపాదకులకు,

పాత క్యాసెట్లలోని బామ్మ పాటల్ని, పెళ్లి సందళ్లను కాపాడుకోవాలని స్పీకర్ ముందు ఫోన్ పెట్టి రికార్డు చేసేవారున్నారు. ఫ్యాన్ చప్పుడు, కుక్కర్ కూత కూడా అందులో చేరతాయి! తీగతో కలపడమే మేలు.

క్యాసెట్ ప్లేయర్ (డెక్) లైన్ అవుట్ నుంచి, కంప్యూటర్‌కు తగిలించే, స్టీరియో లైన్ ఇన్ ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డుకు కేబుల్ వేయాలి. ఇలాంటి కేబుళ్లు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. ల్యాప్‌టాప్ మైక్ రంధ్రంలో గుచ్చవద్దు. చాలావాటిలో అది మోనోనే (ఒకే ఛానెల్), పైగా శబ్దం పగిలిపోతుంది. కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ చాలు. 44,100 హెర్ట్జ్, 16 బిట్ స్టీరియో పెట్టి, పెద్ద శబ్దాలు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూడాలి. 60 నిమిషాల క్యాసెట్‌కు వేవ్ ఫైలు సుమారు 635 ఎంబీ. దాన్నే దాచుకోవాలి, ఎంపీ3 ఫోన్‌లో వినడానికి మాత్రమే.

అంతకన్నా ముందు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో డెక్‌లో రీలును చదివే హెడ్డు తుడవాలి. క్యాసెట్‌ను ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి చుడితే అతుక్కున్న రీలు వదులవుతుంది. తుడిచినా శబ్దం మూగగా వస్తే హెడ్డు పక్కన స్ప్రింగు ఉన్న చిన్న మర అటూఇటూ కొద్దిగా తిప్పి చూడండి. హెడ్డు కోణం తప్పితే ముందు పోయేది పైస్వరాలే. గుయ్‌మనే రొద వస్తే ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి బ్యాటరీతో నడపండి.

రీలు అంచున తెల్లటి బూజు కనిపిస్తే మాత్రం అసలు పెట్టొద్దు. అది హెడ్డుకు అంటి తర్వాతి క్యాసెట్లకూ పాకుతుంది.

- ఒక పాఠకుడు, నల్లకుంట, హైదరాబాద్