బత్తలపల్లి ఆస్పత్రి వాళ్లకు, మా ఫాదర్ విన్సెంట్ ఫెర్రర్‌కు కృతజ్ఞతలు

పదకొండు రోజుల తర్వాత అమ్మ నిన్న ఇంటికి వచ్చింది. గడప దగ్గర అవ్వ దిష్టి తీస్తుంటే నాకు ఏడుపు ఆగలేదు.

ఆ రాత్రి కడుపునొప్పితో అమ్మ మెలికలు తిరిగిపోయింది. మొదట వెళ్లిన చోట కట్టమన్న డబ్బు వినగానే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. పక్కింటి అన్న ఆటో తీసి, "బత్తలపల్లి పోదాం పద" అన్నాడు. ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) ఆస్పత్రిలో అడుగుపెట్టగానే, నొప్పి ఎప్పుడు మొదలైందని అడిగారు. తెల్లారేలోపు ఆపరేషన్ అయిపోయింది. ఆపరేషన్ చేసిన డాక్టరమ్మకు, రాత్రంతా అమ్మను కనిపెట్టుకుని ఉన్న సిస్టర్‌కు, రక్తం ఇచ్చి పేరైనా చెప్పకుండా వెళ్లిపోయిన తమ్ముడికి, ఆటో అన్నకు చేతులెత్తి దండం పెడుతున్నాను.

దండం పెట్టాల్సిన మనిషి ఇంకొకరున్నారు, ఈ ఆర్డీటీని స్థాపించిన విన్సెంట్ ఫెర్రర్. స్పెయిన్‌లోని బార్సిలోనాలో పుట్టి, జెస్యూట్ సభ అనే క్యాథలిక్ ఫాదర్ల సంఘంలో చేరి 1952లో మన దేశం వచ్చారు. మహారాష్ట్రలో మన్మాడ్ దగ్గర పేద రైతుల చేత బావులు తవ్వించారు. అది గిట్టని పెద్దలుంటారు కదా, 1968లో దేశం విడిచి వెళ్లమన్నారు. వేలమంది రైతులు ఆయన కోసం రోడ్డెక్కారు. ఆయన మరుసటి ఏడాది తిరిగొచ్చి, కరువుకు పేరుపడ్డ మా అనంతపురాన్ని ఎంచుకున్నారు. 1970లో సభను వదిలి, తనతో పాటు పనిచేసిన అన్నెను పెళ్లి చేసుకున్నారు. అయినా మా జిల్లాలో ఆయన ఫాదరే. ఆ పిలుపు ఎవరూ మార్చలేదు, మార్చాలని ఎవరికీ అనిపించలేదు కూడా.

మా అవ్వ ఇల్లు ఆర్డీటీ కట్టించిందే. పట్టా తాత పేరు మీద కాదు, అవ్వ పేరు మీదే ఉంది. "తాగొచ్చి బయటికి పో అంటే, ఇది నా ఇల్లు, నువ్వే పో అన్నా" అని ఇప్పటికీ గర్వంగా చెబుతుంది. ఆడవాళ్ల పేరు మీదే ఇల్లు ఉండాలన్న ఆ ఒక్క ఆలోచన మా ఇంట్లో ఎంత మార్పు తెచ్చిందో నేను కళ్లారా చూశాను. అమ్మ పదో తరగతి దాకా చదివిందంటే ఆ ఇల్లు నిలబడబట్టే.

2009 జూన్ 19న ఫాదర్ పోయారు. సమాధి బత్తలపల్లిలోనే ఉంది. వచ్చే వారం అమ్మను చెకప్‌కు తీసుకెళ్లాలి. అవ్వ తానూ వస్తానంటోంది. పెరట్లో కనకాంబరాలు అప్పుడే లెక్కపెట్టుకుంటోంది, మాలకు సరిపోతాయా లేదా అని.