వంటమ్మలు, ఆయాల సంఘం వార్షిక నివేదిక, 2025–26

సభ్యులందరికీ నమస్కారం. మండలంలోని ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజనం వండే అక్కలు, మరుగుదొడ్లు శుభ్రం చేసే ఆయాలు, హైస్కూళ్ల నైట్ వాచ్‌మన్లు, మన వెంట నిలబడ్డ కొందరు పిల్లల తల్లిదండ్రులు కలిసి నడుపుకుంటున్న సంఘం ఇది. ముందే చెప్పేస్తున్నాం, జీతాలు పెరగలేదు. వంటకి నెలకి 3,000, ఆయాకి 6,000, అంతే. ఆంధ్రప్రదేశ్‌లో వంటవాళ్ల 3,000 అనేది 2019 నాటి మాట, కేంద్రం లెక్కలో ఉన్న 1,000 అయితే 2009 నుంచీ కదల్లేదు, అందులో కేంద్రం ఇచ్చే వాటా ఇప్పుడు 600. పైగా వంటకి ఇచ్చేది ఏడాదికి పది నెలలే, వేసవిలో పొయ్యీ లేదు, పైసా లేదు.

అయినా ఈ ఏడాది మనం ఎక్కువగా తిరిగింది జీతం కోసం కాదు, బిల్లుల కోసం. ఇదేంటని కొందరు మీటింగ్‌లో గట్టిగానే అడిగారు కాబట్టి లెక్క ఇక్కడ రాస్తున్నాం. బియ్యం, గుడ్లు, చిక్కీ ప్రభుత్వం పంపుతుంది. పప్పు, కూరగాయలు, నూనె, పోపు సామాను, గ్యాస్ మాత్రం మనం ముందు కొనాలి, డబ్బు తర్వాత పడుతుంది. 2025 మే నుంచి కేంద్రం కట్టిన లెక్క ప్రాథమిక బడిలో ఒక్కో పిల్లకి పూటకి 6 రూపాయల 78 పైసలు, ఆరు నుంచి ఎనిమిది తరగతులకి 10 రూపాయల 17 పైసలు. 60 మంది పిల్లలున్న చిన్న బడిలో రోజుకి 407 రూపాయలు, 24 పనిదినాలకి దాదాపు 9,760. రెండు నెలల బిల్లు ఆగిందంటే కొట్టులో అప్పు 19,500 దాటుతుంది, అంటే ఒక వంటమ్మ ఆరున్నర నెలల జీతం! కొట్టువాడు ఊరికే ఇవ్వడు కదా, అరువు అనేసరికి కిలో పప్పు మీద నాలుగు రూపాయలు ఎక్కువే రాస్తాడు. ప్రభుత్వం పెట్టే భోజనానికి నెలల తరబడి పెట్టుబడి పెడుతున్నది 3,000 జీతగత్తె, చెవిదిద్దులు తాకట్టు పెట్టి మరీ. అందుకే ముందు బిల్లులు పట్టుకున్నాం.

ఏం చేశామంటే, ప్రతి బడిలో వంటమ్మ దగ్గర ఒక నోటుబుక్కు పెట్టించాం. తేదీ, ఆ రోజు తిన్న పిల్లల సంఖ్య, పక్కన హెచ్.ఎం. (హెడ్‌మాస్టర్) సంతకం, అంతే. మొదట్లో కొందరు హెచ్.ఎం.లు "యాప్‌లో ఎక్కిస్తున్నాం కదమ్మా, మళ్లీ ఇదెందుకు" అని విసుక్కున్నారు. నెట్ రాని రోజు యాప్‌లో సంఖ్య ఎక్కకపోతే ఆ పూట బిల్లుకి దిక్కెవరని అడిగితే సంతకం పెట్టారు. బిల్లు తక్కువ పడిన రెండు మూడు చోట్ల ఈ పుస్తకాలే పట్టుకెళ్లి ఆఫీసులో చూపించాం, తేడా డబ్బు తర్వాతి బిల్లులో కలిసింది. ఆలస్యం మాత్రం తగ్గలేదు, ఒకసారి సర్వర్ అంటారు, ఒకసారి బడ్జెట్ అంటారు.

ఇక మనుషుల లెక్క. నిబంధన ప్రకారం 25 మంది పిల్లల దాకా ఒక వంటమనిషి, 100 దాకా ఇద్దరు, ఆపైన ప్రతి వందకీ ఇంకొకరు. కాగితం మీద బాగానే ఉంటుంది. 24 మంది ఉన్న బడిలో ఒక్కతే ఉన్న అక్కకి జ్వరమొస్తే? పక్కింటావిడకి తన చేతి డబ్బులిచ్చి పంపాలి, సెలవు అనే మాటే లేదు. రాగిజావ ఉన్న రోజుల్లో పొద్దున్నే వచ్చి కాచాలి, తర్వాత అన్నం, కూర, గుడ్లు, ఆ తర్వాత గిన్నెలు తోమేసరికి రెండు దాటుతుంది. దీన్ని కొందరు ఇప్పటికీ పార్ట్‌టైమ్ అంటున్నారు, ఒక్క రోజు వచ్చి గరిటె తిప్పి చూస్తే తెలుస్తుంది!

నోటి మాటతో వంటమనిషిని మార్చేసే గొడవ ఈసారీ వచ్చింది. ఊళ్లో ఎవరైనా పెద్దమనిషికి ఆమె మీద కోపమొస్తే "రేపట్నుంచి రావద్దు" అనేయడం, ఇంకొకరికి తాళం ఇచ్చేయడం. ఒక బడి విషయంలో తొలగింపు ఆర్డరు కాగితం మీద ఇవ్వండని పట్టుబట్టాం. ఎవరూ సంతకం పెట్టడానికి ముందుకు రాలేదు, ఆ అక్క ఇప్పటికీ వండుతోంది. ఇంకో చోట మాత్రం మనకి తెలిసేసరికే కొత్తావిడ చేరిపోయింది, ఆమెదీ పేద ఇల్లే, ఆమెతో పోట్లాడి ఏం లాభం.

ఆయాలది వేరే బాధ. పిల్లల సంఖ్యని బట్టే ఆయాలని ఇస్తారు కానీ మరుగుదొడ్లు ఎన్ని, నీళ్లు వస్తాయా లేదా అన్నది ఎవరూ చూడరు. మోటారు పాడైతే బోరింగు నుంచి బకెట్లు మోసేది ఆవిడే, శుభ్రం చేశాక ఫోటో కూడా టైముకి యాప్‌లో పడాలి. గ్లౌజులు, బూట్లు అడిగాం, గ్లౌజులు కొన్ని బడులకి వచ్చాయి.

బ్యాంకులో 20 రూపాయల ప్రమాద బీమా, 436 రూపాయల జీవిత బీమా చాలామంది చేత కట్టించాం. అయితే సరిగ్గా తెలుసుకోండి, 20 రూపాయల దాంట్లో చనిపోతేనో, కన్నో కాలో శాశ్వతంగా పోతేనో డబ్బు వస్తుంది. గంజి ఒలికి చెయ్యి కాలి ఆస్పత్రిలో పడితే ఏమీ రాదు. మనకి ఎక్కువగా జరిగేది అదే. 436 దాంట్లో చేరడానికి 50 ఏళ్లు దాటకూడదు. అసంఘటిత కార్మికులకి కేంద్రం పెట్టిన నెలకి 3,000 పింఛను పథకం సంగతి అడుగుతున్నారు, అందులో చేరే వయసు 40 దాకానే, మనలో ఎక్కువమందికి అది ఎప్పుడో దాటింది.

అర్జీల్లో ఈసారి రెండు విషయాలు గట్టిగా రాశాం. వంటవాళ్ల లాంటి పథకాల సిబ్బందిని కార్మికులుగా గుర్తించి కనీస వేతనం ఇవ్వాలని 2013లో భారత కార్మిక సదస్సే సిఫారసు చేసింది. నెలకి 1,000తో వంట చేయించుకోవడం వెట్టిచాకిరీ కిందికే వస్తుందని 2020 డిసెంబరులో అలహాబాద్ హైకోర్టు తీర్పిచ్చింది. అర్జీ తీసుకున్నారు, రసీదు ఇచ్చారు, జవాబు రాలేదు.

జమాఖర్చులు కోశాధికారి దగ్గరున్నాయి, ఎవరైనా చూడొచ్చు. జూన్‌లో బడులు తెరిచేలోపు కొత్త నోటుబుక్కులు పంచుతాం, పాత పుస్తకాలు పారేయకండి, పోయినేడు రావలసిన బిల్లులు ఇంకా ఉన్నాయి. వేసవి నెలల జీతం మీద విడిగా అర్జీ పెట్టాలని అనుకుంటున్నాం, దానికి ప్రతి బడి నుంచి ఒకరు మీటింగ్‌కి రండి, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్స్ తెచ్చుకోండి.