లూక్ కత్తి రంగు మార్చింది ఎడారి ఆకాశమే

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ‘స్టార్ వార్స్’ ఆయుధాల మీద వచ్చిన వ్యాసం చదివాం. కథానాయకుడు లూక్ స్కైవాకర్ లైట్‌సేబర్ (వెలుగు కత్తి) మొదటి రెండు చిత్రాల్లో నీలంగా ఉండి మూడో చిత్రంలో ఆకుపచ్చగా మారడానికి అతని మనసు పరిపక్వం చెందడమే కారణమని అందులో రాశారు. కథలో మునిగి చూసేవారికి ఆ వివరణ తృప్తినిస్తుంది. కానీ రంగు మారింది అందుకు కాదు. పట్టపగలు నీలాకాశం ముందు నీలి కత్తి ఆనలేదు, అందుకని మార్చారు. మన నగరంలో విజువల్ ఎఫెక్ట్స్ నేర్చుకుంటున్న పిల్లలకు ఈ తేడా తెలియాలని ఈ ఉత్తరం రాస్తున్నాం.

కథ వరకు చూస్తే కొత్త కత్తి రావడానికి దారి ముందే పడింది. 1977 చిత్రంలో గురువు ఓబీ-వాన్ ఇచ్చినది లూక్ తండ్రి కత్తి. 1980 చిత్రంలో క్లౌడ్ సిటీలో ప్రతినాయకుడు డార్త్ వేడర్ లూక్ చెయ్యి నరికినప్పుడు ఆ చేతితో పాటే కత్తీ పడిపోయింది. కాబట్టి 1983లో వచ్చిన ‘రిటర్న్ ఆఫ్ ది జెడై’లో లూక్ చేతిలో ఉన్నది అతను స్వయంగా తయారు చేసుకున్న కత్తి. అయినా కొత్త కత్తికి కొత్త రంగు ఇవ్వాలని మొదట అనుకోలేదు. సినిమా విడుదలకు ముందు వచ్చిన ట్రైలర్లలో, పోస్టర్లో అది నీలమే. కెన్నర్ సంస్థ అమ్మిన లూక్ బొమ్మకు కూడా తొలి విడతలో నీలి కత్తే ఇచ్చారు, ఆకుపచ్చది తర్వాత వచ్చింది. పాత్ర ఎదుగుదల కోసం ముందుగా వేసుకున్న పథకమే అయితే ప్రచారంలో నీలం ఎందుకుంటుంది?

గూండా నాయకుడు జబ్బా ఓడ మీద, సార్లాక్ అనే ఇసుక జీవి గొయ్యి పక్కన జరిగే పోరాటాన్ని 1982లో కాలిఫోర్నియా, అరిజోనా సరిహద్దులో యూమా పట్టణం దగ్గరి ఇసుక దిబ్బల్లో తీశారు. మండే ఎండ, పైన మబ్బు తునక లేని ఆకాశం. అంతకు ముందు లూక్ కత్తి వెలిగింది ఎక్కువగా ఓడల లోపల, గుహలో, చీకటి గదుల్లో. ఆరుబయట పగటి వెలుగులో అది నిలబడాల్సిన పెద్ద సన్నివేశం ఇదే.

ఇక్కడ కత్తి ఎలా తయారవుతుందో చెప్పాలి. 1977లో నటుల చేతిలో ఉన్నది వెలుగును వచ్చిన దారినే వెనక్కి పంపే స్కాచ్‌లైట్ పదార్థం చుట్టిన కడ్డీ. పిడిలోని మోటారు దాన్ని తిప్పుతుండేది. కెమెరా ముందు ఉంచిన అద్దం గుండా కాంతిని కడ్డీ మీదకు పంపితే అది మెరవాలి. కడ్డీ కోణం మారగానే మెరుపు తగ్గిపోయేది, కొన కెమెరా వైపు తిరిగితే దాదాపు మాయమయ్యేది. అందుకే ఫ్రేము తర్వాత ఫ్రేము, సెకనుకు 24 చొప్పున, కత్తి ఆకారాన్ని చేత్తో గీసి, ఒక ఫిల్ము మీది బొమ్మను ఇంకో ఫిల్ము మీదకు ముద్రించే ఆప్టికల్ ప్రింటర్ మీద కలిపారు. రోటోస్కోపింగ్ అంటే అదే. ఈ పద్ధతిలో గీత రంగుకు కట్టుబడి ఉండదు. రంగు చేరేది ప్రింటింగ్ దగ్గర, ఫిల్టర్ ద్వారా. షూటింగ్ అయిపోయాక కూడా నీలాన్ని ఆకుపచ్చ చేయగలిగారంటే కారణం ఇదే.

అసలు ముడి ఎక్కడుందంటే, ఇలా కలిపిన వెలుగు వెనక ఉన్న చిత్రాన్ని కప్పేయదు, దానికి జమ అవుతుంది. ఇప్పటి కంపోజిటింగ్ (వేర్వేరు దృశ్యాలను ఒకే ఫ్రేములో కలపడం) లెక్కలో చూద్దాం. ఆకాశంలో ఒక పిక్సెల్ లీనియర్ విలువలు (అసలు వెలుగు ఎంతో చెప్పే అంకెలు, 0 నుంచి 1 దాకా) ఎరుపు 0.25, ఆకుపచ్చ 0.45, నీలం 0.85 అనుకోండి. కంటికి తెలిసే వెలుగులో ఎరుపు వాటా 0.2126, ఆకుపచ్చది 0.7152, నీలానిది 0.0722. ఆ చొప్పున ఈ పిక్సెల్ వెలుగు సుమారు 0.44. దీనికి నీలం ఎంత జమ చేసినా 0.85 నుంచి 1 దాకానే పోతుంది, మిగతాది తెర తీసుకోలేదు. దాంతో పెరిగే వెలుగు 0.01. అదే ఆకుపచ్చ జమ చేస్తే 0.45 నుంచి 1కి పోతుంది, వెలుగు 0.39 పెరిగి దాదాపు రెట్టింపవుతుంది. నీలి చీర మీద నీలి దారంతో పువ్వు కుట్టినట్టే మొదటిది. కత్తి నడుమ ఉండే తెలుపు కూడా వెలుతురు నిండిన ఆకాశం ముందు పలచబడుతుంది కాబట్టి, భారమంతా చుట్టూ ఉన్న రంగు మీదే పడుతుంది.

మరి వేరే రంగు ఎందుకు కాదు? ఎరుపైతే ఆకాశం మీద బాగా కనిపిస్తుంది, కానీ అది వేడర్‌ది. పసుపైతే ఆకాశం ముందు నిలిచినా, కత్తి కిందికి దిగగానే ఇసుకలో కలిసిపోతుంది. ఆకాశానికీ ఇసుకకూ రెండింటికీ దూరంగా ఉండి, ప్రతినాయకుడిది కానిది ఆకుపచ్చ. ఇది మా లెక్క.

నీలం యోధులకు, ఆకుపచ్చ జ్ఞానానికి అన్న విభజన బాగా ప్రచారం పొందింది 2003లో వచ్చిన ‘నైట్స్ ఆఫ్ ది ఓల్డ్ రిపబ్లిక్’ అనే వీడియో గేమ్‌తో. అంటే లూక్ కత్తి ఆకుపచ్చగా మారిన 20 ఏళ్లకు. కత్తి లోపలి కైబర్ స్ఫటికం జెడై అనే యోధుడితో అనుబంధం పెంచుకుని రంగు పొందుతుందన్నదీ తర్వాత ఎదిగిన ఊహే. అవి అందమైన ఊహలు, కథను అవి చిక్కపరిచాయి. వాటిని కారణాలుగా కాక తర్వాత వచ్చిన వివరణలుగా చెప్పాలన్నదే మా మాట. తర్వాతి చిత్రాల్లోని జెడై మేస్ విండూ ఊదా కత్తి కూడా ఇలాంటిదే. పెద్ద యుద్ధ సన్నివేశంలో తన పాత్రను గుర్తుపట్టేలా ఉండాలని శామ్యూల్ ఎల్. జాక్సన్ అడిగి తీసుకున్న రంగు అది.

ఇది మనకెందుకంటే, హైదరాబాద్‌లో ఇప్పుడు మెరిసే ఆయుధాల సినిమాలు, షార్ట్ ఫిల్ములు చాలా తయారవుతున్నాయి. నలుపు-తెలుపు పౌరాణికాల కాలంలో అస్త్రం వెలుగు ఒక్కటి సరిపోతే చాలు. ఇప్పుడు రంగు కథా చర్చల్లోనే ఖరారై, లొకేషన్ తర్వాత వస్తోంది. వరస తిరగెయ్యాలి. లొకేషన్ చూడటానికి వెళ్లినప్పుడే, షూటింగ్ జరిగే వేళలో, ఆకాశం వైపు ఒకటి, నేల వైపు ఒకటి పది సెకన్ల షాట్లు తీసుకోండి. వాటి మీద నాలుగు రంగుల్లో గీత వేసి ముందు రంగు తీసేసి బూడిద రంగులో చూడండి, తర్వాత ఫోన్ తెర మీద చూడండి. బూడిద రంగులో కూడా గీత తేలితే ఆ రంగు పనికొస్తుంది. ఓటీటీకి వెళ్లే వీడియోలో మామూలుగా నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒకే రంగు సమాచారం ఉంటుంది. వెలుగులో తేడా లేకుండా రంగులో మాత్రమే తేడా ఉన్న అంచు అక్కడ చెదిరిపోతుంది.

సెట్లో కత్తిగా ఎల్‌ఈడీ గొట్టం వాడేవారికి ఇంకో చిక్కు. ఆకుపచ్చ గొట్టాన్ని గ్రీన్ స్క్రీన్ ముందు పెడితే కీయింగ్‌లో, అంటే తెర రంగును తీసేసేటప్పుడు, కత్తి కూడా తెరతో పాటే పోతుంది. ఆకుపచ్చకు బ్లూ స్క్రీన్, నీలానికి గ్రీన్ స్క్రీన్ కట్టించండి. పైగా గొట్టం వెలుగు నటుడి బుగ్గ మీద, వేళ్ల మీద పడుతుంది. లూక్ కత్తికి పట్టపగలు ఆ బాధ లేదు. మీ రాత్రి సన్నివేశంలో ఆకుపచ్చ గొట్టంతో తీసి తర్వాత నీలం కావాలంటే, ప్రతి ఫ్రేములో ముఖాన్ని విడిగా రోటో చేయాల్సిందే, బడ్జెట్ అక్కడే కరిగిపోతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి, మెయిన్స్ మీద నడిచే దీపాలు మినుకు మినుకుమనకుండా 24 ఫ్రేములకు షట్టర్ 172.8 డిగ్రీలు (ఫ్రేముకు 1/50 సెకను) పెట్టండి. బ్యాటరీ గొట్టంలో వెలుగు తగ్గించే డిమ్మర్ వేరే వేగంతో కొట్టుకుంటుంది కనుక దాన్ని కెమెరాతో విడిగా పరీక్షించాలి.

ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ ఆకాశం తెల్లగా పాలిపోయి ఉంటుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు చానెళ్లూ అప్పటికే నిండి ఉంటాయి, అక్కడ ఏ రంగు జమ చేసినా దక్కేది కొంచెమే. అలాంటప్పుడు ఖాజాగూడ గుట్టల్లాంటి చోట కెమెరాను కాస్త పైకెత్తి కిందికి వంచి, కత్తి వెనక ఆకాశం బదులు రాయి ఉండేలా చూడండి. బూడిద, గోధుమ కలిసిన ఆ బండల ముందు నీలం కూడా చక్కగా తేలుతుంది. షాట్ అప్పటికే ఆకాశం ముందు తీసేసి ఉంటే, కత్తి వెలుగును పెంచుకుంటూ పోకండి. ముందు ఆకాశం ఒక్కదాన్నే విడదీసే మాస్క్ వేసి ఒక స్టాప్ (అంటే వెలుగు సగం) నుంచి ఒకటిన్నర స్టాప్ దాకా దించండి, ఆ తర్వాతే కత్తిని కలపండి.

ఇట్లు,
కొందరు కంపోజిటింగ్ కళాకారులు,
హైదరాబాద్