స్క్రోల్‌బార్‌ను దాచడం దేనికి?

సంపాదకులు గారికి,

రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని పనిచేసే వ్యక్తిగా, కొన్నేళ్లకోసారి తెర రూపురేఖలు మారిపోవడం గురించి ఈ లేఖ రాస్తున్నాను. మార్పే వద్దనడం నా ఉద్దేశం కాదు. 1985లో వచ్చిన తొలి విండోస్‌లో ఒక ప్రోగ్రామ్ విండో మీద మరొకటి పరిచే వీలే లేదు, పలకల్లా పక్కపక్కనే సర్దుకోవలసి వచ్చేది. 1995లో టాస్క్‌బార్ వచ్చాక, తెరిచి ఉంచిన పనులన్నీ ఒక్క చూపులో కనిపించసాగాయి. అటువంటి మార్పును కాదనేవారు ఉండరు.

నా అభ్యంతరమల్లా కంటికి దారి చూపే గుర్తులను చెరిపేసే మార్పుల మీదే. విండోస్ 95 కాలంలో బటన్ పై అంచు, ఎడమ అంచు తెల్లగానూ, కింది అంచు, కుడి అంచు ముదురుగానూ ఉండడం వల్ల అది ఉబ్బెత్తుగా కనిపించేది. నొక్కగానే ఆ వెలుగునీడలు తారుమారై లోపలికి దిగినట్లుండేది. ఇప్పుడు చాలాచోట్ల బటన్ అంటే అంచులు లేని ఒక మాట మాత్రమే. అది నొక్కవలసినదో, చదివి వదిలేయవలసినదో నొక్కి చూస్తే తప్ప తెలియదు.

స్క్రోల్‌బార్ పరిస్థితి మరీ అన్యాయం. కుడి అంచున ఉండే ఆ పట్టీ పేజీని జరపడానికి మాత్రమే కాదు, పత్రం ఎంత పొడవుందో, మనం అందులో ఎక్కడున్నామో కూడా చెబుతుంది. 2011లో ఆపిల్ తన మ్యాక్ కంప్యూటర్లను నడిపే సాఫ్ట్‌వేర్ లయన్ వెర్షన్‌లో, ట్రాక్‌ప్యాడ్ (మౌస్‌కు బదులు వేలితో తాకి జరిపే పలక) వాడేవారికి అది స్క్రోల్ చేస్తున్నంతసేపే కనిపించేలా మార్చింది. ఆనక ఈ పద్ధతి మిగతా చోట్లకూ పాకింది. మొన్నీమధ్య ఒక ప్రోగ్రామ్‌లో ఫారం నింపి, ‘సేవ్’ బటన్ కోసం తెరంతా వెతికాను. అది అడుగున ఉంది, కానీ కింద ఇంకా ఏదో ఉందని తెలిపే ఆనవాలు ఒక్కటీ లేదు. తప్పు నాదేననుకుని రెండుసార్లు ఫారం మూసి తెరిచాను కూడా.

వాడేవారి అలవాటుకు విలువ ఉంటుందని తయారీదారులకు తెలియకపోలేదు. 2012లో విండోస్ 8 నుంచి తొలగించిన స్టార్ట్ బటన్‌ను మరుసటి ఏడాదే 8.1లో తిరిగి పెట్టారు. లయన్‌లోనూ స్క్రోల్‌బార్‌ను ఎప్పుడూ కనిపించేలా ఉంచుకునే సెట్టింగ్ ఉంది, వెతికి పట్టుకోగలిగితే. రూపం మార్చిన ప్రతిసారీ, మొదటిసారి తెర తెరవగానే, పాత అమరిక కావాలా కొత్తది కావాలా అని వారే అడగాలని నా విన్నపం.

భవదీయుడు,
ఒక పాఠకుడు