స్టీలు గ్లాసు లాంబెంట్ కాదు, మంత్రిగారూ

విశాఖపట్నం,
ఆగస్టు 29

గౌరవనీయులైన రాష్ట్ర విద్యాశాఖ మంత్రిగారికి,

నమస్కారం. నేను ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారిని. సాయంత్రంపూట పెదజాలారిపేట పిల్లలు కొందరు మా వరండాలో కూర్చుని చదువుకుంటారు. ఒక్క ఇంగ్లీషు మాట కోసం మీకు ఈ లేఖ రాస్తున్నానంటే మా ఇంట్లోవాళ్లే నవ్వారు. ఈ రోజు గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. ఇవాళైనా వింటారన్న ధైర్యంతో రాస్తున్నాను.

మొన్న పదో తరగతి చదివే అమ్మాయి టెస్టు పేపరు తెచ్చి చూపించింది. వాళ్లకిచ్చిన మెటీరియల్‌లో ‘లాంబెంట్ అంటే మెరిసే’ అని ఉందట. అది బట్టీపట్టి, ‘మా కొత్త స్టీలు గ్లాసు లాంబెంట్‌గా ఉంది’ అని ఇంగ్లీషులో వాక్యం రాసింది. పూర్తి మార్కులు! నాకు టెన్షన్ పట్టుకుంది అక్కడే. తప్పు రాస్తే మార్కు పోతుంది, పిల్లలు దిద్దుకుంటారు. తప్పుకే మార్కు వచ్చాక ఇంక ఎందుకు దిద్దుకుంటారు?

లాంబెంట్‌కు మూలం లాటిన్‌లో లాంబెరే. అంటే నాకడం. ఆవు దూడను నాకినంత మెత్తగా, మంట దేనిమీదో నాలుక ఆడిస్తూ, దాన్ని కాల్చకుండా కదలడం అన్నమాట. ఇంగ్లీషులోకి 17వ శతాబ్దంలో వచ్చింది. మొదట మంటకు, ఆ తర్వాత మెత్తటి వెలుగుకు, చివరికి గుచ్చకుండా తళుక్కుమనే చమత్కారానికి కూడా వాడుకున్నారు. స్టీలు గ్లాసుకు మాత్రం ఇది అతకదు.

ఈ మాట వెనుక ఒక కథ ఉంది. పిల్లలకు చెబితే నోళ్లు తెరుచుకుని విన్నారు. రోమన్ కవి వర్జిల్ రాసిన ఈనియడ్ కావ్యం రెండో భాగంలో ట్రాయ్ నగరం తగలబడుతుంటుంది. ముసలి తండ్రి ఇల్లు వదిలి రానంటాడు. కొడుకు ఈనియస్ మళ్లీ కత్తి పట్టుకుని బయల్దేరబోతే, భార్య పిల్లవాణ్ని చూపించి కాళ్లకు అడ్డం పడుతుంది. అప్పుడే ఆ పసివాడి తలమీద ఒక మంట లేచి, జుట్టును మెత్తగా నాకుతుంది. ఒక్క వెంట్రుకా కాలదు. పెద్దవాళ్లు హడలిపోయి నీళ్లతో ఆర్పబోతారు. తాతగారు ఒక్కరే అది శుభశకునమని గుర్తుపట్టి చేతులెత్తి మొక్కుతాడు. ఉరుము ఉరుముతుంది, చుక్క రాలుతుంది, ముసలాయన బయల్దేరతానంటాడు. ఊరంతా కాల్చే మంట ఒకటి, పిల్లవాణ్ని ముద్దాడే మంట ఒకటి. రెండోది లాంబెంట్.

ఆ కావ్యాన్ని 1697లో ఇంగ్లీషులోకి తెచ్చిన కవి జాన్ డ్రైడెన్ సరిగ్గా అక్కడ ఈ మాటే వేశాడు. తమాషా ఏమిటంటే, అంతకు ముందు 1682లో అచ్చయిన మాక్ ఫ్లెక్నో అనే తన వెక్కిరింపు కవితలో ఇదే మాటతో థామస్ షాడ్వెల్ అనే సాటి రచయితను ఉతికి ఆరేశాడు. మహాపురుషుల ముఖం చుట్టూ తేజస్సు ఆడాలి కదా, ఈయన ముఖం చుట్టూ లాంబెంట్ మందబుద్ధి ఆడుతోందట! ‘మెరిసే’ అని మాత్రమే తెలిసిన పిల్లకు ఈ చమత్కారం ఎలా అందుతుంది?

కథ అయ్యాక ఆ అమ్మాయే అడిగింది, “అయితే మాస్టారూ, కర్పూరం హారతి కదండీ ఇది?” అని. నా సర్వీసంతటిలో ఇంత మంచి అర్థం చెప్పలేకపోయాను. హారతి మంట పళ్లెంలో నాలుకలాడిస్తుంది. చెయ్యి అలా చూపి కళ్లకద్దుకుంటాం, చెయ్యి కాలదు. అగ్నికి సప్తజిహ్వుడని, అంటే ఏడు నాలుకలవాడని, మనవాళ్లు పేరు పెట్టనే పెట్టారు. రాత్రిపూట హార్బర్ నీళ్లమీద సాగి సాగి కదిలే దీపాల వెలుగూ లాంబెంటే. డాల్ఫిన్స్ నోస్ మీది లైట్‌హౌస్ కాదు. అది తిరుగుతూ కళ్లలో కొడుతుంది.

మన పిల్లలకు మెరుపులో రకాలు తెలియవనుకోవద్దు. వలలో చేప మిలమిల, తోమిన బిందె తళతళ, నూనె రాసిన జుట్టు నిగనిగ, నిప్పు కణకణ, నగలు ధగధగ. ‘నిగనిగలాడే నక్షత్రం’ అంటే మూడో తరగతి పిల్ల కూడా నవ్వుతుంది. అంత చెవి ఉన్న పిల్లల చేతే ఇంగ్లీషులో నిగనిగలాడే నక్షత్రాలు రాయిస్తున్నాం. రిఫల్జెంట్ అనే ఇంకో ఇంగ్లీషు మాటకు ధగధగ అని చెప్పి చూడండి, వెంటనే పట్టేస్తారు. ఇంగ్లీషు కవి అలెగ్జాండర్ పోప్ గ్రీకు కావ్యం ఇలియడ్‌కు చేసిన అనువాదంలో చంద్రుడికే ఆ మాట తగిలించాడు. ఆయన వెన్నెల వర్ణన మీద తర్వాతి కవులు వర్డ్స్‌వర్త్, కోలరిడ్జ్ విరుచుకుపడ్డారు. వెన్నెల ధగధగలాడడమేమిటని మా వరండాలోనూ గొడవైంది. నేను ఆపలేదు.

కాబట్టి నా మనవి ఇది. బడి కిట్లో నిఘంటువు పెట్టి ఇస్తున్నారు, మంచిదే. దానితోపాటు, వర్క్‌బుక్‌లో ఇలాంటి అరుదైన మాట వచ్చిన ప్రతిచోటా అది దేనికి అతుకుతుందో చూపే వాక్యం ఒకటి, పిల్లలు ఇంట్లో వాడే తెలుగుమాట ఒకటి తప్పనిసరి చేయించండి. పుస్తకాలు రాసే టీచర్లకు ఇదేమీ పెద్ద పని కాదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1852 నాటి తన తెలుగు నిఘంటువులో మాట పక్కన మన పద్యాల్లోంచి ప్రయోగాలు చూపించాడు. వాక్యం రాయమన్న ప్రశ్నకు ఒంటిమాట అర్థం చూసి మార్కులెయ్యొద్దని దిద్దేవాళ్లకు కూడా ఒక సర్క్యులర్ పంపించండి. ఆ పని చేయలేమంటే, అలాంటి మాటలను పేపర్లోంచే తీసేయండి.

హారతి అన్న ఆ అమ్మాయి తన నోట్సులో స్టీలు గ్లాసు కొట్టేసి, పైన కర్పూరం హారతి అని రాసుకుంది. ఇదంతా చదివి ఆ పిల్లకు వచ్చిన మార్కు మాత్రం వెనక్కి తీసుకోవద్దని ప్రత్యేక మనవి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఇంగ్లీషు మాస్టారు