ఓక్ బల్లల ఆలస్యం గురించి మా ఖాతాదారులకు

మిషన్ శైలి (చెక్కడాలు లేని, నిటారు గీతల పాత అమెరికా పద్ధతి) చిన్న ఓక్ బల్ల కోసం ముందుగా సొమ్ము చెల్లించి ఎదురుచూస్తున్న మీ అందరికీ ఒక విషయం నేరుగా చెప్పాలి. ఈ విడతలో ఇస్తామన్న బల్లల్లో ఏ ఒక్కటీ చెప్పిన సమయానికి సిద్ధం కాదు. వాటి కోసం తెప్పించిన కలపను నేను తిప్పి పంపించాను.

మేము అడిగింది క్వార్టర్ సాన్ వైట్ ఓక్. అంటే, దుంగను ముందుగా నిలువునా నాలుగు భాగాలుగా చీల్చి, వయసు వలయాలు పలక ముఖానికి 60 నుంచి 90 డిగ్రీల కోణంలో నిలిచేలా కోసిన కలప. అలా కోసినప్పుడే మాను నడిమి నుంచి బెరడు వైపు సాగే ఈనెలు పలక మీద బయటపడి, వెండి రేకుల్లా మెరుస్తాయి. వచ్చిన కట్టలో పైవరస పలకలు మాత్రమే అలాంటివి. కట్టు విప్పి కింది వరసల కొసలు చూస్తే వలయాలన్నీ వంపు తిరిగి పడుకుని ఉన్నాయి. దుంగను తిప్పకుండా వరసగా కోసుకుంటూ పోయిన మామూలు కోత అది. క్వార్టర్ కోతలో వృథా ఎక్కువ, పలకల వెడల్పు తక్కువ, ఆరడానికి పట్టే కాలమూ ఎక్కువ. ఆ సంగతి తెలిసే ఎక్కువ ధరకు ఒప్పుకున్నాం. ఇదేమిటని సరఫరాదారును అడిగితే, రంగు వేసిన తర్వాత కొనేవాళ్లెవరూ గుర్తుపట్టలేరని జవాబు వచ్చింది. ఆ మాట నన్ను ఇప్పటికీ బాధిస్తోంది. మీకు కలపను చూడటం రాదని, నేను దాన్ని ఆసరాగా తీసుకుంటానని ఆయన ఒక్క వాక్యంలో తేల్చేశారు.

అయినా, ఆ కలపను పంపించేయాలా, వాడాలా అన్నది తేల్చుకోలేక చాలా సతమతమయ్యాను. మామూలు కోత ఓక్ చెడ్డది కాదు; దానితో చేసిన బల్ల కూడా బరువు మోస్తుంది, తరాలు నిలుస్తుంది. మీలో కొందరు ఎలాంటి కలపైనా ఫర్వాలేదని, బల్ల త్వరగా వస్తే చాలని అన్నారు కూడా. కానీ 20వ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో అమెరికాలో గుస్తావ్ స్టిక్లీ వంటి ఫర్నిచర్ తయారీదారులు ఈ శైలికి పేరు తెచ్చినప్పుడు చెక్కడపు పనిని, వంపు కాళ్లను పక్కన పెట్టి, నిటారు గీతలను, కాలిలోంచి దూరి అవతలికి కనిపించే కుసులను (అడ్డపట్టీల కొసలను), కలప సహజ రూపాన్ని మాత్రమే నమ్ముకున్నారు. వేరే అలంకారం లేని ఈ బల్లకు ఆ ఈనెలే అలంకారం. ఒకే కడ్డీతో కాలు చేస్తే అవి రెండు ముఖాల మీదే కనిపిస్తాయి కనుక, మేము నాలుగు పలకల అంచులను 45 డిగ్రీలకు కోసి అతికించి, నాలుగు వైపులా కనిపించేలా కాలు కడతాం. ఈనెలు బయటపడని కలపతో అంత శ్రమకు అర్థమే లేదు.

అందం సంగతి పక్కన పెట్టినా, కదలిక సంగతి ఉంది. పచ్చి స్థితి నుంచి పూర్తిగా ఎండేసరికి వైట్ ఓక్ వలయాల వెంబడి దాదాపు 10.5 శాతం, నడిమి నుంచి బెరడు దిశలో దాదాపు 5.6 శాతం కుంచించుకుపోతుంది. మామూలు కోత పలక వెడల్పు ఎక్కువగా మొదటి దిశలో, క్వార్టర్ కోత పలక వెడల్పు రెండో దిశలో ఉంటుంది కనుక, గాలిలో తేమ మారినప్పుడల్లా మామూలు కోత పలకే ఎక్కువ కదులుతుంది. బల్ల పైభాగపు పలకను చట్రానికి పట్టి ఉంచే చెక్క బిళ్లలు ఆ కదలికకు చోటిస్తాయి కానీ, మామూలు కోత పలక వంకర తిరగకుండా ఆపలేవు. ఆ బల్ల మా పేరుతో మీ ఇంట్లో ఉండటం నాకు ఇష్టం లేదు.

తుది మెరుగు పద్ధతిలో ఏ మార్పూ లేదు. మూసిన గుడారంలో ఘాటైన అమ్మోనియా ఆవిరి పట్టిస్తే ఓక్‌లోని టానిన్ అనే వగరు పదార్థం దానితో కలిసి కలప లోపలి నుంచే గోధుమ రంగుకు తిరుగుతుంది. ఆపైన లక్క పూత, మైనం. బెరడు పక్కనుండే తెల్లచెక్క ఆ రంగును సరిగా పట్టదు కనుక మాను లోపలి చేవ భాగాన్నే ఎంచుకుంటున్నాం.

ఇప్పుడు మరో కోత మిల్లుతో మాట్లాడాను. ప్రతి పలక కొసను స్వయంగా చూసిన తర్వాతే తీసుకుంటాను. పలకల తేమ 6 నుంచి 8 శాతానికి దిగేవరకు ఉలి ముట్టుకోం, కాబట్టి ఇప్పుడే తేదీ చెప్పలేను. ఒప్పుకున్న ధర మారదు, వరస కూడా మారదు. ఆగలేనివారు అడిగితే కట్టిన సొమ్ము పూర్తిగా తిరిగి ఇస్తాం; కారణం చెప్పనక్కరలేదు. వేరే కలపతో ఇదే బల్ల చేసివ్వమని మాత్రం దయచేసి అడగవద్దు, చేయను. ఒక నిర్దిష్టమైన రోజుకు బల్ల కావలసినవారు ఈ వారంలోనే మాకు తెలియజేస్తే, సాధ్యమో కాదో కలప వచ్చిన రోజే చెప్పేస్తాను.